బ్యాంకాక్ వీకెండ్ ట్రిప్: గురువారంలోపే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

కాలేజీ గ్రూపులో ఏళ్ల తరబడి గోవా ప్లాన్లు వేసి వేసి, చివరికి ఒక రాత్రి ఆఫర్ చూసి బ్యాంకాక్ టికెట్లు కొనేసే బ్యాచ్‌లు హైదరాబాద్‌లో ఇప్పుడు చాలానే ఉన్నాయి. శంషాబాద్ నుంచి దాదాపు మూడున్నర గంటల ప్రయాణం. చిక్కల్లా ఒకటే. వారం రోజుల ట్రిప్‌లో ఏదైనా తేడా వస్తే సర్దుకోవచ్చు. శని, ఆదివారాల్లో పాస్‌పోర్టు పోయిందంటే ఎంబసీకి సెలవు, సోమవారం పొద్దున ఇక్కడ ఆఫీసులో మీటింగు. అందుకే జాగ్రత్తలన్నీ ఇంట్లో ఉండగానే పడాలి.

అన్నిటికంటే ముందు టికెట్ మీద పేర్లు. మనవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఇంకొకరికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. అందరికీ కలిపి బుక్ చేసేవాడు "పూర్తి పేర్లు పెట్టండ్రా" అని మెసేజ్ పెడితే, ఒకడు కాలేజీలో పిలిచే పేరు పంపుతాడు, ఇంకొకడు బొటనవేలు ఎమోజీ పెట్టి ఊరుకుంటాడు. పేర్లు అడగొద్దు, పాస్‌పోర్టు ఫోటో పేజీ అడగండి. అక్కడ ఏ గడిలో ఏముంటే టికెట్‌లో ఆ గడిలో అదే ఉండాలి. సర్‌నేమ్ లేనివాళ్లకి ఏం నింపాలనేది ఒక్కో ఎయిర్‌లైన్‌లో ఒక్కో పద్ధతి, డబ్బు కట్టకముందే కనుక్కోండి. అదే పేజీలో గడువు కూడా చూసేయండి. 6 నెలలకు తక్కువ ఉంటే ఆ ఫ్రెండ్ ముందు రెన్యువల్‌కి వెళ్లాలి.

తర్వాత తేదీ. టికెట్ మీద "శనివారం 00:45" అని ఉందంటే మీరు శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకల్లా శంషాబాద్‌లో ఉండాలి. శనివారం రాత్రి తీరిగ్గా సూట్‌కేసుతో వచ్చేవాళ్లు నిజంగానే ఉంటారు. శుక్రవారం సాయంత్రం హైటెక్ సిటీ నుంచి ఓఆర్ఆర్ ఎక్కేదాకా పట్టే టైం మీకు తెలిసిందే. క్యాబ్ క్యాన్సిల్ అయితే టెన్షన్ పడకుండా ఎయిర్‌పోర్టుకి వెళ్లే పుష్పక్ బస్సు టైమింగ్స్ కూడా చూసి పెట్టుకోండి. తెల్లారకముందే అక్కడ దిగితే హోటల్ రూమ్ చాలాచోట్ల మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. బ్యాగులు పెట్టుకోనిస్తారా అని ముందే మెయిల్ చేసి అడగండి.

బ్యాంకాక్‌లో ఎయిర్‌పోర్టులు రెండు: సువర్ణభూమి, డాన్ ముయాంగ్. ఒకటి ఊరికి తూర్పున, ఇంకొకటి ఉత్తరాన. వెళ్లేది ఒకదానికి, వచ్చేది ఇంకొకదాన్నుంచి అయితే ఆదివారం రాత్రి తప్పు చోటికి చేరి విమానం వదులుకునే ప్రమాదం ఉంది. సువర్ణభూమి నుంచి ఊళ్లోని ఫయా థాయ్ స్టేషన్ దాకా రైలు ఉంది, 50 బాట్ (అక్కడి కరెన్సీ) లోపే. బడ్జెట్ ట్రిప్‌కి ట్యాక్సీ కంటే అదే మేలు.

థాయ్‌లాండ్ 2024లో మనవాళ్లకి వీసా లేకుండా 60 రోజుల దాకా అనుమతి ఇచ్చింది. ఇలాంటి సడలింపులు మారుతూనే ఉంటాయి, టికెట్ కొనే రోజునే థాయ్ ఎంబసీ సైట్ చూడండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ అనే ఆన్‌లైన్ ఫారం కూడా తప్పనిసరి చేశారు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి, ఫీజు ఏమీ లేదు. డబ్బు అడిగిన సైట్ ఏదైనా అసలుది కాదని తెలుసుకోండి. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ప్రింటు, కాస్త క్యాష్ చేతిలో ఉంచుకోండి, ఇమిగ్రేషన్‌లో అడగొచ్చు.

సామాను సంగతి. చాలా బడ్జెట్ విమానాల్లో చేతిబ్యాగు 7 కిలోలే, కౌంటర్ దగ్గర అదనపు బరువు కొంటే ఆఫర్‌లో మిగిలింది అక్కడే పోతుంది. అమ్మ కట్టిన ఆవకాయ, కారప్పొడి చేతిబ్యాగులో పెడితే సెక్యూరిటీలో వదిలేయాలి. పవర్‌బ్యాంకు మాత్రం చేతిబ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. వేప్‌లు (ఈ-సిగరెట్లు) ఇక్కడా నిషేధం, అక్కడా నిషేధం.

డబ్బు విషయంలో బ్యాచ్‌లో తక్కువ జీతం ఉన్నవాణ్ణి చూసి బడ్జెట్ వేయండి, వాడు నోరు తెరిచి చెప్పడు. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 200 బాట్‌కు పైనే ఫీజు పట్టుకుంటుంది కాబట్టి చిన్న చిన్న మొత్తాలు తీయొద్దు. కార్డు గీకినప్పుడు "రూపాయల్లో కట్టాలా, బాట్‌లో కట్టాలా" అని మెషిన్ అడిగితే బాట్ అనే నొక్కండి. రూపాయలంటే రేటు వాళ్లు వేసుకున్నదే.

గ్రాండ్ ప్యాలెస్ దారిలో "ఈ రోజు మూసేశారు, నేను వేరే గుడి చూపిస్తా" అనే పెద్దమనిషి ఎదురైతే నవ్వి ముందుకు నడవండి. ఆయన ఎక్కించే టుక్‌టుక్ (అక్కడి ఆటో) ఆగేది రత్నాల దుకాణం దగ్గరే. ప్యాలెస్ లోపలికి షార్ట్స్, స్లీవ్‌లెస్ వేసుకుంటే రానివ్వరు. థాయ్ రాజుగారి మీద జోకులు ఇన్‌స్టాలో కూడా వద్దు, 15 ఏళ్ల దాకా జైలు శిక్ష ఉన్న చట్టం అది. మందు తాగడానికి 20 ఏళ్లు నిండాలి. బైకు అద్దెకు తీసుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది లేకుండా పడితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు.

అసలు భయపడాల్సింది తిరుగు ప్రయాణంలో. అక్కడ 2022లో గంజాయి మీద ఆంక్షలు సడలించారు, 2025లో మళ్లీ డాక్టర్ చీటీ ఉండాలన్నారు. షాపులు కనబడుతున్నాయి కదా అని కొని తెస్తే, శంషాబాద్‌లో దిగగానే అది ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసు. బ్యాంకాక్ నుంచి వచ్చేవాళ్ల దగ్గర కస్టమ్స్ వాళ్లు హైడ్రోపోనిక్ గంజాయి (మట్టి లేకుండా నీళ్లలో పెంచింది) పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. "మా కజిన్‌కి చాక్లెట్లు, చేరేస్తావా మామా" అని హోటల్ లాబీలో పరిచయమైనవాడు ప్యాకెట్ ఇస్తే, ఎంత మంచివాడిలా ఉన్నా తీసుకోకండి. "టికెట్ నేనే పెడతా, ఒక బ్యాగు తెస్తే చాలు" అనే ఆఫరూ ఇదే బాపతు. అలాంటి ఫ్రీ ట్రిప్ కన్నా గోవానే నయం. బ్యాగులు ఎవరివి వాళ్లే సర్దుకుని తాళం వేసుకోండి, స్థలం ఉందని పక్కవాడి సామాను ఎక్కించుకోవద్దు. డ్యూటీ కట్టకుండా తెచ్చుకునే మందు మనిషికి 2 లీటర్లు దాటకూడదు.

టూరిస్ట్ పోలీస్ నంబరు 1155, అందరి ఫోన్లలోనూ సేవ్ చేయించండి. పాస్‌పోర్టు కాపీ ఒకటి హోటల్ రూములో, ఇంకొకటి ఇక్కడ ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి.