తొలినాటి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ జీవితం రాయాలంటే

1880, 90లలో ఆటగాడిగా మొదలై కోచ్‌గా మారిన మనిషి జీవితం రాయబోయేవాళ్లు ముందు ఒక పట్టిక వేసుకోవాలి. సీజన్‌కు ఒక వరస: కాలేజీ, ఆడిన స్థానం, కెప్టెనా కాదా, కోచ్‌గా జీతం తీసుకున్నాడా, ఈ సంగతి ఎక్కడ దొరికింది. పుట్టిన ఊరూ, పెళ్లీ తర్వాత చూసుకోవచ్చు. ఆట జరిగేది శరదృతువులో, కాలేజీ వార్షిక సంచిక వచ్చేది మరుసటి వసంతంలో. అందుకే 1894 సంచికలోని జట్టు సాధారణంగా 1893 జట్టే. ఏడాది తేడాలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

ఒకే సీజన్లో రెండు కాలేజీలు కనిపించినంత మాత్రాన తప్పని కొట్టేయకండి. పాప్ వార్నర్ 1895లో జార్జియాకూ, అయోవా వ్యవసాయ కాలేజీకీ కోచ్. అమోస్ అలొంజో స్టాగ్ 1892లో షికాగో జట్టుకు కోచ్‌గా ఉంటూనే మైదానంలోకీ దిగాడు. ‘ఆట మానేసి కోచ్ అయ్యాడు’ అని అలవాటుగా రాసేస్తే ఇలాంటి చోట దొరికిపోతాం. కోచ్‌లు రాకముందు చాలా జట్లను కెప్టెనే నడిపేవాడు. కోచ్ పేరు దొరకకపోతే ఆ గడి ఖాళీగానే ఉండాలి, కెప్టెన్ పేరు అందులోకి ఎక్కకూడదు.

స్కోర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 1884 నుంచి 1897 దాకా టచ్‌డౌన్‌కు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం) 4 పాయింట్లు, దాని తర్వాతి కిక్‌కు 2, ఫీల్డ్ గోల్‌కు (ఆట మధ్యలో బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నడం) 5. 1898లో టచ్‌డౌన్ 5, కిక్ 1 అయ్యాయి. ఫీల్డ్ గోల్ 1904లో 4కూ, 1909లో 3కూ తగ్గింది. టచ్‌డౌన్‌కు 6 పాయింట్లు వచ్చింది 1912లో. కాబట్టి 1896 నాటి 10-0 అంటే రెండు టచ్‌డౌన్లు, ఒక కిక్ కావచ్చు. 1900 నాటి 10-0 కిక్కులు తప్పిన రెండు టచ్‌డౌన్లు కావచ్చు. నేటి లెక్కతో టచ్‌డౌన్లను ఊహించి రాస్తే ఆట మొత్తం మారిపోతుంది. ఫార్వర్డ్ పాస్, అంటే బంతిని ముందుకు విసరడం, చట్టబద్ధమైంది 1906లోనే. 1890ల క్వార్టర్‌బ్యాక్‌ను (జట్టు ఎత్తుగడలను నడిపే ఆటగాణ్ని) ‘గొప్ప పాసర్’ అని పొగిడితే తెలిసినవాళ్లు నవ్వుతారు.

ఆధారాల విషయానికొస్తే విద్యార్థి పత్రికలతో మొదలుపెట్టండి. హార్వర్డ్ క్రిమ్సన్ 1873 నుంచీ, యేల్ డైలీ న్యూస్ 1878 నుంచీ ఉన్నాయి. వాటిలో తరచు ఇంటిపేరే ఉంటుంది, అన్నదమ్ములిద్దరూ ఒకే జట్టులో ఉంటే చిక్కే. పూర్వ విద్యార్థుల జాబితాలో పట్టా పొందిన ఏడాదితో సరిచూసుకోండి. 1890 జనాభా లెక్కలు 1921 అగ్నిప్రమాదం వల్ల చాలావరకు పోయాయి, వాటి కోసం రోజులు వృథా చేయొద్దు. డబ్బు సంగతి పత్రికల్లో కన్నా ఖాతా పుస్తకాల్లో దొరుకుతుంది: 1892 నవంబరు 12 ఆటకు ఆటగాడు పడ్జ్ హెఫెల్‌ఫింగర్‌కు 500 డాలర్లు ఇచ్చినట్టు తెలిసింది అలెఘనీ క్లబ్ ఖర్చుల పద్దు వల్లే.

గెలుపోటములు లెక్కించేటప్పుడు వైఎంసీఏలు, అథ్లెటిక్ క్లబ్బులు, హైస్కూళ్లతో ఆడినవి విడిగా గుర్తు పెట్టండి. ఒక జాబితా వాటిని కలుపుతుంది, ఇంకొకటి కలపదు. రెండు మొత్తాలు సరిపోలకపోతే ముందుగా వెతకాల్సింది అక్కడే.