మలాలై జోయా ప్రసంగాన్ని పఠన బృందంలో చదివించడం ఎలా?

2003 డిసెంబరు 17న కాబూల్‌లో రాజ్యాంగ లోయా జిర్గా (కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించడానికి సమావేశమైన ప్రతినిధుల మహాసభ) ఎదుట 25 ఏళ్ల ఆఫ్ఘన్ ప్రతినిధి మలాలై జోయా చేసిన ప్రసంగం కొద్ది నిమిషాలదే. అయినా దానిని బృందంలో చదివించదలచిన వారు కనీసం గంటన్నర కేటాయించుకోవాలి, ఎందుకంటే అందులో సగం సమయం నేపథ్యానికే పడుతుంది.

ముందుగా పేరు విషయంలో గందరగోళం తొలగించాలి. ఈమె పాకిస్తాన్‌కు చెందిన మలాలా యూసఫ్‌జాయ్ కాదు. 1880లో బ్రిటిష్ సైన్యంతో జరిగిన మైవంద్ యుద్ధంలో ఆఫ్ఘన్ సైనికులకు ధైర్యం నూరిపోసిందని చెప్పుకునే మలాలై పేరే ఇద్దరికీ పెట్టారు.

తరువాత చెప్పవలసినది అసలైన విషయం. ఆఫ్ఘన్ స్త్రీ ధిక్కారం అనగానే మన శ్రోతలు తాలిబన్లనే ఊహించుకుంటారు, కానీ ఆ రోజు జోయా వేలెత్తి చూపినది తాలిబన్ల ప్రత్యర్థులైన సాయుధ వర్గాల నాయకులను. 1992 నుంచి 1996 వరకు పరస్పరం పోరాడుతూ కాబూల్‌ను శిథిలాల కుప్పగా మార్చిన ఆ వర్గాలే, 2001లో అమెరికా దాడితో తాలిబన్లు కూలిపోయాక మళ్లీ అధికారంలోకి వచ్చాయి. సభాధ్యక్షుడు సిబ్‌గతుల్లా ముజద్దిదీ కూడా 1992లో ముజాహిదీన్ (ఆ సాయుధ వర్గాల) ప్రభుత్వానికి తొలి అధ్యక్షుడే. ఈ సంగతులు చెప్పకుండా ప్రసంగం చదివిస్తే ధైర్యం కనిపిస్తుంది గాని, అది ఎవరి ఎదుట చూపిన ధైర్యమో తెలియదు.

ప్రసంగాన్ని మొదటిసారి మధ్యలో ఆపకుండా చదివించాలి. రెండవసారి, ఆమె ఏమి అడుగుతున్నదో గుర్తించమనాలి. ఫరా ప్రాంతం నుంచి వచ్చిన ఈ ప్రతినిధి స్త్రీల కష్టాలను ఏకరువు పెట్టి జాలి కోరలేదు. దేశాన్ని నాశనం చేసినవారిని ఉపసంఘాలకు అధ్యక్షులుగా ఎందుకు ఉంచారని, వారిని జాతీయ, అంతర్జాతీయ న్యాయస్థానాలలో ఎందుకు విచారించరాదని నిలదీసింది. నా దృష్టిలో ఆ ప్రసంగానికి పదును ఇచ్చినది ఈ కార్యవిధాన ప్రశ్నే, ఎందుకంటే దానికి సమాధానం చెప్పవలసిన వారంతా సభ జరుగుతున్న ఆ గుడారంలోనే ఉన్నారు. కేకలు చెలరేగాయి, ఆమెను బయటకు పంపమని సభాధ్యక్షుడు ఆదేశించి, కొందరు ప్రతినిధులు అభ్యర్థించాక వెనక్కు తగ్గాడు. క్షమాపణ చెప్పడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు.

అనంతర పరిణామాలను క్లుప్తంగా ముగించవచ్చు, ఒక్క ఘట్టం తప్ప. 2005లో ఫరా నుంచి పార్లమెంటు దిగువసభకు ఎన్నికైన జోయాను, ఒక టెలివిజన్ సంభాషణలో పార్లమెంటును పశువుల కొట్టంతో పోల్చినందుకు 2007 మే 21న సస్పెండ్ చేశారు. గత యుద్ధాలలో పాల్గొన్న వర్గాలకు విచారణ నుంచి మినహాయింపునిచ్చే చట్టాన్ని ఆమోదించినదీ ఆ పార్లమెంటే. ఆ పోలిక ఆమె వాదనను బలహీనపరిచిందా అని అడిగితే బృందం తప్పక రెండుగా చీలుతుంది. తొందరపడి రాజీ కుదర్చనక్కరలేదు.

సమయం మిగిలితే, ఆ మహాసభ 2004 జనవరిలో ఆమోదించిన రాజ్యాంగంలోని 22వ అధికరణాన్ని చదివించండి. చట్టం ముందు స్త్రీపురుషులు సమానులని అందులో ఉంది. 2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగి వచ్చాక ఆ రాజ్యాంగం అమలులో లేదని చెప్పి, ప్రసంగాన్ని మూడవసారి చదివించండి.