మన వాదన అడుగున ఏముందో తవ్వి చూసుకోవడం ఎలా

ఇద్దరు గంటసేపు వాదించుకున్నా ఒక్క అంగుళం కూడా కదల్లేదంటే చాలాసార్లు తేడా వాళ్ల లాజిక్‌లో ఉండదు, మొదలుపెట్టిన చోటే ఉంటుంది, ఆ చోటు గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు ఎందుకంటే అది వాళ్లకి "ఇది కూడా చెప్పాలా" అన్నంత సహజంగా ఉంటుంది. రుజువు అడక్కుండా ఒప్పేసుకునే ఇలాంటి మాటలే స్వయంసిద్ధాలు. స్కూల్లో యూక్లిడ్ పేరుతో చదివి పరీక్షైపోగానే మర్చిపోయాం గానీ మన రోజువారీ ఆలోచన మొత్తం వాటి మీదే నడుస్తుంది. వాటిని బయటికి లాగి పరీక్షించుకోవడం ఎవరైనా నేర్చుకోవచ్చు, అందరూ నేర్చుకోవాలని నా గట్టి కోరిక.

ముందు మీకు నిజంగా పట్టింపు ఉన్న ఒక అభిప్రాయం తీసుకుని పేపర్ మీద ఒక్క వాక్యంలో రాయండి, మనసులో అనుకుంటే సరిపోదు, మనసులో ఉన్నంతసేపు అది రూపం మార్చుకుంటూ తప్పించుకుంటుంది. మన ఇళ్లల్లో తరతరాలుగా వినే మాటే తీసుకుందాం, "పెళ్లైన కూతురికి పుట్టింటి ఆస్తిలో వాటా ఎందుకు". దీని కింద ఎందుకివ్వకూడదు అని రాసి జవాబు రాయండి. కట్నం ఇచ్చాం కదా అని వస్తుంది. సరే, కట్నం అసలు ఇవ్వలేదనుకోండి, అప్పుడు వాటా ఇస్తారా? అబ్బే అలా కాదు, ఆస్తి ఇంటిపేరుతోపాటే ఉండాలి అంటారు. అంటే కట్నం అసలు కారణమే కాదన్నమాట. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఒక కారణం తీసేసినా నిర్ణయం మారట్లేదంటే ఆ కారణం ఊరికే ముందు నిలబెట్టింది, దాన్ని కొట్టేసి ఇంకా కిందకి వెళ్లాలి. ఇంటిపేరుతోనే ఎందుకుండాలి అని అడిగితే చివరికి వచ్చేది "ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు". దాని కింద ఇంకో ఎందుకు వేసి చూడండి, జవాబు రాదు, కోపం వస్తుంది. ఆ కోపమే గుర్తు, మీరు అడుగుకి చేరిపోయారు.

ఇలా ఎందుకు ఎందుకు అని పోతే ఆగడానికి మూడే దారులున్నాయని పాత గ్రీకు సంశయవాదులు చెప్పారు: ఎప్పటికీ ఆగకపోవడం, తిరిగి తిరిగి మొదటికే రావడం, లేదా ఒకచోట రుజువు లేకుండానే నిలబడిపోవడం. మన దగ్గర ఇదే ప్రశ్నని నాగార్జునుడు అడిగాడు, సంప్రదాయం మన నాగార్జునకొండతో ముడిపెట్టే ఆ బౌద్ధ ఆచార్యుడే. ప్రత్యక్షం (కళ్లారా చూడటం), అనుమానం (గుర్తుల్ని బట్టి ఊహించి తేల్చుకోవడం) లాంటి ప్రమాణాలతో, అంటే నిజం తెలుసుకునే దారులతో, అన్నీ తేలుస్తామంటున్నారే, మరి ఆ ప్రమాణాలని దేనితో తేలుస్తారు అన్నాడు. దీపం వేరేవాటిని చూపిస్తూ తనని తాను కూడా చూపించుకుంటుంది కదా అన్నది నైయాయికుల, అంటే న్యాయ దర్శనం తర్కవేత్తల ఉదాహరణ. దీపంలో చీకటే లేనప్పుడు తనని తాను వెలిగించుకోవడమేంటి అని ఆయన దాన్నీ వదల్లేదు. నాకైతే ఆయన ప్రశ్నే గట్టిదనిపిస్తుంది, కానీ దాన్నుంచి ఏదీ నమ్మొద్దు అనే మాట నేను తీసుకోను, ఎక్కడ నిలబడ్డామో తెలుసుకుని నిలబడాలి అన్నదే తీసుకుంటాను. మీ పేపర్ మీద చూసుకోవాల్సింది రెండో దారి, "మా ఆచారం మంచిది ఎందుకంటే పెద్దలు పెట్టారు, పెద్దల మాట మంచిది ఎందుకంటే అది ఆచారం" అని తిరుగుతోందంటే అది అడుగు కాదు, గుండ్రంగా తిరగడమే.

అడుగు దొరికాక అసలు పరీక్ష, దాన్ని తిరగేసి రాయడం. దీనికి యూక్లిడ్ ఐదో స్వీకృతం (రుజువు లేకుండా ఒప్పుకుని మొదలుపెట్టే మాట) కథని మించింది లేదు. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఆయన జ్యామితి అంతా ఐదు స్వీకృతాలు, ఐదు సామాన్య భావనల మీద కట్టాడు, అందులో ఐదో స్వీకృతం సమాంతర రేఖలకి సంబంధించింది (ఒక రేఖకి బయట ఉన్న బిందువు గుండా దానికి ఒకే ఒక్క సమాంతర రేఖ గీయగలం అన్నదానితో సమానం), మిగతావాటిలా చూడగానే ఒప్పుకునేలా ఉండదు, ఆయన కూడా మొదటి 28 సిద్ధాంతాలు దాన్ని ముట్టుకోకుండానే రుజువు చేశాడు. తర్వాత రెండువేల ఏళ్లు ఎంతోమంది దాన్ని మిగతా నాలుగింటి నుంచి రాబట్టాలని తంటాలు పడ్డారు. 1733లో సక్కేరి అనే ఇటలీ పాదిరీ అది తప్పనుకుని మొదలుపెడితే ఎక్కడో ఒకచోట వైరుధ్యం వస్తుందిలే అని లెక్క వేసుకుంటూ పోయాడు, త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీల కంటే తక్కువ రావడం లాంటి వింతలన్నీ వచ్చాయి గానీ వైరుధ్యం మాత్రం రాలేదు. చివరికి ఇది సరళరేఖ స్వభావానికే విరుద్ధం అనేసి ముగించాడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నట్టే, అంత గొప్పపని చేసి కూడా! 1829లో లొబచెవ్‌స్కీ, 1832లో బోయాయి అదే దారిలో వెళ్లి, ఇది ఇంకో జ్యామితి అని ధైర్యంగా చెప్పారు, 1868లో బెల్ట్రామీ దానికి నమూనా చూపించాడు. తిరగేసినప్పుడు మీకు దొరికింది వైరుధ్యమా, ఒళ్లు జలదరింపేనా అని నిజాయితీగా తేల్చుకోండి, ఈ రెండూ ఒకటి కాదు.

మన ఆస్తి మాటకి ఇదే చేయండి. "పెళ్లైనా కూతురు ఇంటి మనిషే" అని రాసి ఏం కూలిపోతుందో చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన 1986 సవరణ చట్టం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకి పుట్టుకతో హక్కు ఇచ్చింది, కానీ ఆ చట్టం అమల్లోకి రాకముందే పెళ్లైపోయిన కూతుళ్లని బయటే ఉంచింది, చూశారా, పై మాట మారింది గానీ అడుగు మాట సగం అలాగే ఉండిపోయింది. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణలో పెళ్లైందా లేదా అన్న ఆ తేడా పోయింది, 2020లో సుప్రీంకోర్టు ఈ హక్కు పుట్టుకతోనే వస్తుంది, 2005 నాటికి తండ్రి బతికుండాల్సిన పని లేదు అని స్పష్టం చేసింది. తిరగేసినా కుటుంబం అనేది మిగిలే ఉంది, వైరుధ్యమేమీ రాలేదు.

ఇంకో పరీక్ష హద్దు చూడటం. మొత్తం దాని భాగం కంటే పెద్దది అని యూక్లిడ్ రాశాడు, దీన్ని ఎవరు కాదంటారు? కానీ 1, 2, 3 అని పోయే సంఖ్యల పక్కన వాటి రెట్టింపులు 2, 4, 6 రాసుకుంటూ పోండి, ప్రతిదానికీ జత దొరుకుతుంది, ఒక్కటీ మిగలదు, సరిసంఖ్యలు అందులో భాగమే అయినా. లెక్కపెట్టగల వస్తువుల దగ్గర నిజమైనది అనంతం దగ్గర నిలబడలేదు. కాబట్టి మీ వాక్యం పక్కన ఇది ఎక్కడివరకు అని రాయండి, "పెద్దల మాట వినాలి" అన్నది పొలం పనికి సరిపోవచ్చు, గుండె ఆపరేషన్‌కి సరిపోకపోవచ్చు.

అన్నీ ఇలా కదిలిపోవు, అది కూడా చెప్పాలి. ఒకే విషయం ఒకే అర్థంలో ఒకేసారి అవును, కాదు రెండూ అవ్వదు అనే నియమాన్ని కాదనేవాడు నోరు తెరిచి అర్థమున్న మాట ఒక్కటి అన్నా దాన్ని వాడుకున్నట్టే అన్నాడు అరిస్టాటిల్, ఏమీ అననివాడితో వాదించడం మొక్కతో వాదించినట్టే అని కూడా అన్నాడు. మీ వాక్యాన్ని కాదనడానికి కూడా అదే కావాల్సి వస్తే దాన్ని నిశ్చింతగా ఉంచుకోండి, అలాంటివి చాలా తక్కువ.

ఎదుటివాళ్లతో వాదనలో ఇది వాడేటప్పుడు గొడవ మధ్యలో మొదలుపెట్టకండి, మీ అడుగు వాక్యం ముందు మీరే చెప్పండి, తర్వాత వాళ్లది వాళ్లే "అవును, నా మాట అదే" అనేలా చెప్పి చూడండి. ఇంట్లో అయితే కట్నం ఎంత, పొలం రేటు ఎంత అని లెక్కల్లోకి దిగకుండా "నాన్నా, పెళ్లైతే అక్క మన మనిషి కాకుండా పోతుందా" అని నెమ్మదిగా అడగండి. పోతుంది అని చాలామంది తండ్రులు అనలేరు, మన మనిషే కానీ అంటారు, ఆ కానీ తర్వాత వచ్చే మాట దగ్గర కూర్చోండి ఇద్దరూ.