ఐర్లండ్ పొలం గట్ల మీద మూలికలు కోసే ముందు

బెణుకులకు కాంఫ్రీ ఆకు నూరి కట్టడం ఐర్లండ్ పల్లెల్లో పాత వైద్యం. బుట్ట పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

- అన్నిటికన్నా ముఖ్యం: పూత రాని ఫాక్స్‌గ్లోవ్ ఆకు చూడటానికి కాంఫ్రీలాగే ఉంటుంది. దాన్ని టీ కాచుకుని తాగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. కాస్త అనుమానం వచ్చినా వదిలేయండి, దయచేసి.
- అసలైన కాంఫ్రీ కూడా పైకట్టుకే, అదీ కొద్దిరోజులే. తెగిన చర్మం మీద వద్దు. కడుపులోకి వెళ్తే కాలేయానికి దెబ్బ.
- కాలువ పక్కన కొత్తిమీరలా కనిపించేది హెమ్లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్ కావచ్చు. దుంప మరీ విషం.
- గర్భనిరోధక మాత్రలు, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) వాడేవాళ్లు సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక జోలికి వెళ్లొద్దు. మాత్రల పని తగ్గిపోతుంది.
- తాకితే మంట పుట్టించే నెటిల్ మొక్కకి గ్లౌజులు.
- విషపు మొక్క పొరపాటున తింటే లక్షణాల కోసం ఆగకండి, వెంటనే వైద్య సాయం అడగండి. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.