ఈస్టు కణం లోపలికి: 3వ పాఠం. పక్కన ఉన్నదా, కట్టి ఉన్నదా?

కిందటి పాఠంలో ఈస్టు కణంలోని భాగాలను బొమ్మలో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. మన తాటికల్లును నురగ కట్టించే ఈస్టే ఇది. ఇవాళ నేర్చుకోవలసింది ఒక్కటే: రెండు కణాంగాలు పక్కపక్కన కనబడితే, అవి నిజంగా తాకుతున్నాయో లేదో తేల్చడం.

ముగ్గు పిండి తీసుకుని వాకిట్లోకి రండి. మధ్యలో చిన్న గూటం దిగ్గొట్టి, రెండున్నర మీటర్ల కొబ్బరితాడు కట్టి, చుట్టూ తిరుగుతూ పెద్ద సున్నా గీయండి. అది మన కణం. అసలు కణం అడ్డంగా సుమారు 5 మైక్రోమీటర్లు ఉంటుంది. అంటే ఈ వాకిట్లో ఒక మిల్లీమీటరు అక్కడ ఒక నానోమీటరు. ఇప్పుడు లోపల మైటోకాండ్రియా పైపొరగా ఒక పురికొస, దాని పక్కనే అంతర్జీవద్రవ్య జాలకం పొరగా ఇంకో పురికొస పరవండి. కణాంగాలు తాకే చోట ఈ రెంటి మధ్య ఎడం మామూలుగా 10 నుంచి 30 నానోమీటర్లు. ఆ సందులో మీ చిటికెన వేలు ఇరుగ్గానో, బొటనవేలు వదులుగానో పడుతుంది. పొరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు, ఈ ఎడం ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు అరచెయ్యి చాపి అక్కడే ఒక జాన కొలవండి. మామూలు కాంతి మైక్రోస్కోపు సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరున్న వాటిని విడదీసి చూపలేదు. అంటే మీ జానెడు లోపల ఏమున్నా దానికి ఒకటే మచ్చ. ఒక కణాంగానికి ఆకుపచ్చ, ఇంకోదానికి ఎరుపు రంగు వెలుగు తగిలించి చూస్తే, ఆకుపచ్చ మీద ఎరుపు పడి పసుపు కనిపించగానే "తాకాయి" అని రాసేయాలనిపిస్తుంది. రాయకండి. వేలెడు సందును జానెడు కర్రతో కొలిచినట్టే అది.

గోదావరి మీద సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) ఆగడం చూశారా? ఒడ్డు దగ్గరికి రాగానే మోకు విసురుతారు, గుంజకు బిగిస్తారు. కింద సందులో నీళ్లు కదులుతూనే ఉంటాయి, మనుషులూ బళ్లూ మాత్రం దాటేస్తారు. మోకు కట్టకుండా ఒడ్డు పక్కగా తేలే పడవ కూడా దూరం నుంచి అలాగే కనిపిస్తుంది. కాబట్టి మనం వెతకాల్సింది మోకుని.

2009లో జీవశాస్త్రవేత్త పీటర్ వాల్టర్ ప్రయోగశాలలో కోర్న్‌మాన్ బృందం అలాగే వెతికింది. జాలకానికి ఒక కొస, మైటోకాండ్రియాకు ఒక కొస తగులుకునే కృత్రిమ ప్రోటీన్ తయారుచేశారు. అది ఉంటేనే సరిగా పెరిగే ఈస్టు మ్యూటెంట్లు (జన్యువు మారిన కణాలు) దొరుకుతాయేమో చూశారు. సహజమైన మోకు తెగిన కణమే అరువు మోకు మీద ఆధారపడుతుందని వాళ్ల లెక్క. నాకు ఈ ఆలోచన ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. అలా బయటపడిందే ఎర్మెస్ అనే సహజమైన మోకు. అది నాలుగు ప్రోటీన్ల అల్లిక: జాలకం వైపు ఎంఎంఎం1, మైటోకాండ్రియా వైపు ఎండీఎం10, ఎండీఎం34, మధ్యలో ఎండీఎం12.

దాటే సరుకు ఏమిటంటే, ముఖ్యంగా కొవ్వు. జాలకంలో తయారయ్యే ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు మైటోకాండ్రియాకు వెళ్లి ఫాస్ఫాటిడైల్‌ఇథనోలమైన్‌గా మారుతుంది. కొవ్వు నీళ్లలో తనంతట తాను ఈదలేదు, అందుకే ఈ రేవు.

ఇంకో పద్ధతి ఉంది. వెలుగునిచ్చే ప్రోటీన్‌ను రెండు ముక్కలు చేసి చెరో పొర మీదా ఒకటి పెడతారు. దగ్గరైతే అవి కలిసి వెలుగుతాయి. మంచి పద్ధతే, కానీ జాగ్రత్త: కలిసిన ముక్కలు మళ్లీ విడిపోవు, కాబట్టి లేని కట్టును అవే కట్టేయగలవు. ఈ వేలెడు సందును చూపగల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మ పక్కన పెట్టుకునే నమ్మండి.

చివరగా ఒక చిక్కు, దీని మీద కాస్త ఆగండి. ఎర్మెస్ లేకపోయినా కణం నీరసంగానైనా బతుకుతుంది. అంటే అది అక్కర్లేదనా? 2014లో తేలింది: అప్పుడు మైటోకాండ్రియాకు, రిక్తికకు (వాక్యుయోల్) మధ్య ఉండే వీక్లాంప్ అనే కట్టు విస్తరిస్తుంది. రెండూ తీసేస్తే కణం చచ్చిపోతుంది.

ఇంటి పని: మీ ముగ్గులో రిక్తికను కూడా గీసి, మైటోకాండ్రియాకు రెండు రేవులూ కట్టండి. ఒకటి తెంపి, కొవ్వు ఏ దారిన చుట్టి రావాలో వేలితో గీయండి. రెండు కట్ల దగ్గరా పొరల మధ్య వేలు పట్టే సందు ఉందో లేదో కొలిచి రాసుకోండి. 4వ పాఠంలో కేంద్రకాన్ని, రిక్తికను కట్టే ఎన్‌వీజే1, వ్యాక్8 ప్రోటీన్ల జంటను దీని పక్కనే గీద్దాం. ముగ్గు చెరపకండి.