కాగితం మడతలతో భిన్నాలు, సర్వసమాన ఆకారాలు

ఒకే సైజు కాగితాలు రెండు ఇవ్వండి, చాలు. మొదటిదాన్ని సగానికి మడిచి ఒక సగానికి రంగు వేయించండి, అది 1/2. విప్పకుండా ఇంకో మడత వేస్తే 2/4, మరోటి వేస్తే 4/8. విప్పాక రంగు పెరిగిందా తగ్గిందా అని పిల్లల్నే అడగండి. లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణించాలన్న సూత్రం ఆ తర్వాతే, ముందే చెప్తే బట్టీ పట్టేస్తారు.

రెండో కాగితాన్ని మూల నుంచి మూలకి గీత గీసి కత్తిరించండి. ఒక త్రిభుజాన్ని తిప్పి రెండోదాని మీద పెడితే అంచులన్నీ కలుస్తాయి, అవి సర్వసమానాలు. తిప్పొచ్చని చాలామందికి వెంటనే తట్టదు, కాస్త ఆగండి.

మరి ఈ త్రిభుజమూ, ఇందాక రంగు వేసిన సగమూ? రెండూ 1/2 భాగాలే, కానీ సర్వసమానాలు కావు. ఇక్కడ క్లాసులో గొడవ మొదలవుతుంది, కానివ్వండి. త్రిభుజాన్ని ముక్కలు చేసి ఆ సగం మీద పేర్చి వాళ్లే తేల్చుకుంటారు.