చెట్టు కింద ఎక్కాలు

ఐదారేళ్ల పిల్లలకి ఎక్కాలు బట్టీ పట్టించే ముందు ఒకసారి పెరట్లోకో పార్కులోకో తీసుకెళ్లండి. మారేడు దళానికి మూడు ఆకులు, ఒంటిరెక్క మందారానికి ఐదు రేకలు. నాలుగు మారేడు దళాలు వరసగా పెట్టించి మొత్తం ఆకులెన్నో లెక్కపెట్టమంటే మూడో ఎక్కం వాళ్లే కట్టేసుకుంటారు, మందారాలతో ఐదో ఎక్కం కూడా అంతే (ముద్ద మందారం మాత్రం వద్దు, రేకలు లెక్కపెట్టలేక మీకే టెన్షన్). గన్నేరు జోలికి అసలు పోవద్దు, అది విషం.

చింతాకు రెమ్మలో చిన్నాకులు జంటలుగా ఉంటాయి కాబట్టి రెండేసి చొప్పున లెక్కించడానికి బాగుంటుంది. గుప్పెట్లో చింతగింజలు పట్టుకుని సరి, బేసి ఆడించండి. ముందు ఊహించి చెప్పాలి, తర్వాతే గింజల్ని జతలు పెట్టి చూడాలి, ఒకటి మిగిలితే బేసి.

కొలతలకి స్కేలు అక్కర్లేదు. చెట్టు మొదలు చుట్టూ మీరు జానలతో కొలవండి, పిల్లల చేతా కొలిపించండి. మీకు ఎనిమిది వస్తే వాళ్లకి పన్నెండో పదమూడో వస్తుంది. ఎందుకలా అని వాళ్లు అడిగేదాకా ఆగండి, వెంటనే చెప్పేయకండి.